యాభై లక్షల బెంజ్ ఎనిమిది లక్షలకు ఎలా వచ్చింది? పాత కారు ధర వెనుక వందేళ్ల కథ

మన ఛానల్‌లో ఎప్పుడూ రాజులు, కోటలు, యుద్ధాలు అంటుంటాం కదా. ఈరోజు మాత్రం హీరో ఒక అంకె. సెకండ్ హ్యాండ్ కార్ల యాప్ ఏది తెరిచినా కనిపించే అంకె. కొత్త చిన్న హ్యాచ్‌బ్యాక్ రేటుకే పదకొండేళ్ల మెర్సిడెస్ ఈ-క్లాస్. లెదర్ సీట్లు, సన్‌రూఫ్, బానెట్ మీద ఆ మూడు కోణాల నక్షత్రం. కొన్నప్పుడు యాభై లక్షలు పెట్టిన బండి ఎనిమిదికీ తొమ్మిదికీ ఎలా దిగింది? మిగతా నలభై లక్షలు ఎక్కడికి పోయాయి?

ఈ టాపిక్ ఎందుకంటే, వరంగల్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, 2014 మోడల్ డీజిల్ ఈ-క్లాస్, 9 లక్షలు చెప్తున్నారు. బండి పాతది, కారు లోన్ రాదన్నారు. పర్సనల్ లోన్ పెట్టి తీసుకుందామనుకుంటున్నా. రేటు కరెక్టేనా?" ఉద్యోగంలో చేరి రెండేళ్లట. కరెక్టో కాదో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఆ "కరెక్ట్ రేటు" అనే మాటకే ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే లెక్క మీరే వేసుకోగలరు. అందుకే ముందు వందేళ్లు వెనక్కి వెళ్దాం.

1918. అమెరికాలో లాస్ ఏంజెలెస్. లెస్ కెల్లీ అనే కుర్రాడు మూడు ఫోర్డ్ మోడల్ టీ బళ్లు పెట్టుకుని పాత కార్ల వ్యాపారం మొదలుపెట్టాడు. అప్పటికి పాత కారుకి ఫిక్స్‌డ్ రేటు అనేదే లేదు. ఎవరి నోరు పెద్దదైతే వాళ్లదే బేరం. కెల్లీ ఒక పని చేశాడు. నాకు ఫలానా బళ్లు కావాలి, ఒక్కోదానికి ఇంత ఇస్తాను అని లిస్టు రాసి మిగతా డీలర్లకీ బ్యాంకులకీ పంపడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి బ్యాంకు వాళ్లు పాత కారు మీద అప్పు ఇవ్వాలంటే ముందు ఆ లిస్టు చూడటం అలవాటు చేసుకున్నారు. లిస్టుకే డిమాండ్ వచ్చింది. 1926లో అదే పుస్తకమై బయటికొచ్చింది. అదే కెల్లీ బ్లూ బుక్. వందేళ్ల తర్వాత ఇప్పటికీ అమెరికాలో పాత కారు రేటు అంటే జనం ఆ పేరే చెప్తారు.

ఆ పుస్తకం సరిగ్గా ఆ రోజుల్లోనే ఎందుకు అవసరమైంది? ఎందుకంటే 1920ల్లో జనరల్ మోటార్స్‌లో ఆల్ఫ్రెడ్ స్లోన్ ఒక కొత్త ఆట మొదలుపెట్టాడు. ప్రతి ఏడాదీ కారు రూపం కొంచెం మార్చడం. ఇంజిన్ దాదాపు అదే, పైన లైన్లు మారతాయి, రంగు మారుతుంది. దాంతో నిన్నటి కారు చెడిపోకుండానే పాతదైపోతుంది. ఓనర్ పాతది షోరూమ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకుంటాడు. మీరు ఫోన్ ఎక్స్‌చేంజ్ చేస్తారే, అదే పద్ధతి. మరి ఆ పాత బండికి ఎంత ఇవ్వాలి? ఎక్కువిస్తే డీలర్ మునుగుతాడు, తక్కువిస్తే కస్టమర్ పక్క షాపుకి పోతాడు. అక్కడే ఈ పుస్తకం పనికొచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఈ బ్లూ బుక్ 1926 నుంచి 1993 వరకు డీలర్లకీ బ్యాంకులకీ మాత్రమే. మామూలు కస్టమర్ కోసం ఎడిషన్ 1993లో గానీ రాలేదు. అంటే 67 ఏళ్లపాటు టేబుల్‌కి అటువైపు కూర్చున్నవాడికి రేటు తెలుసు, ఇటువైపువాడికి తెలియదు. ఈరోజు మీ జేబులో ఫోన్ ఉంది, పది సిటీల్లో ఒకే మోడల్ రేట్లు ఐదు నిమిషాల్లో చూడగలరు. ఆ తరాలకి ఆ అదృష్టం లేదు. అయినా మనం మోసపోతున్నాం, ఎందుకో చెప్తాను.

దానికంటే ముందు ఒక చిన్న తిరకాసు. పాత కారు రేటు ఎప్పుడూ కిందికే పోతుందా? కాదు. 1942 ఫిబ్రవరిలో అమెరికా యుద్ధం కోసం మామూలు కార్ల తయారీ ఆపేసింది. ఫ్యాక్టరీల్లో ట్యాంకులు, విమానాలు. కొత్త కారు దొరకదు కాబట్టి పాతవాటి రేట్లు ఎగిరిపోయాయి. చివరికి 1944లో ప్రభుత్వమే పాత కార్లకి గరిష్ఠ ధరలు పెట్టాల్సి వచ్చింది. ఊహించండి, సెకండ్ హ్యాండ్ కారుకి ఎమ్మార్పీ!

మన దగ్గర యుద్ధం లేకుండానే అదే జరిగింది. లైసెన్స్ రాజ్ రోజుల్లో ఫియట్‌కి, అంబాసిడర్‌కి బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. ఈరోజే చేతికొచ్చే పాత బండి, ఎప్పుడో వచ్చే కొత్త బండి కంటే ఖరీదు. మీ తాతయ్యని అడగండి, కారు కొని రెండేళ్లు వాడి లాభానికి అమ్మినవాళ్లు ఆయనకు తెలిసే ఉంటారు. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చినప్పుడు కూడా మొదట్లో చేతులు మారేటప్పుడు పైన డబ్బులు నడిచాయి. అంటే ఇనుము అదే, ఇంజిన్ అదే. రేటు మాత్రం బయట ఎన్ని దొరుకుతున్నాయో, ఎంతమంది అడుగుతున్నారో దాన్ని బట్టి.

సరే, ఇప్పుడు అసలు మలుపు. 1970. జార్జ్ అకెర్లాఫ్ అనే ఎకనామిస్ట్ ఒక చిన్న పేపర్ రాశాడు. పేరు "మార్కెట్ ఫర్ లెమన్స్". అమెరికా వాడుకలో లెమన్ అంటే నిమ్మకాయ కాదు, పైకి బాగుండి లోపల పుచ్చిపోయిన కారు. మూడు జర్నల్స్ ఆ పేపర్‌ని వెనక్కి పంపాయి. ఇంత మామూలు విషయం ఎవరికి తెలియదు అన్న ధోరణిలో కూడా జవాబులు వచ్చాయి. నాలుగో చోట అచ్చయింది. 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇంకో మాట: ఆయన 1967-68లో మన ఢిల్లీలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపాడు. ఆ పేపర్‌లో మన దేశపు వడ్డీ వ్యాపారుల ప్రస్తావన కూడా ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కార్ల పేపర్‌లో మన ఊరి వడ్డీ వ్యాపారి ఏంటి అంటారా? రెండూ ఒకటే సమస్య. అవతలివాడి గురించి నీకు తెలియనిదానికి నువ్వు ఎంత రేటు కడతావు?

లెక్క ఇలా ఉంటుంది, నా అంకెలతో చెప్తాను. మార్కెట్లో ఒకే మోడల్ కార్లు పది. ఐదు మంచివి, ఒక్కోటి నిజానికి 10 లక్షలకు తగినవి. ఐదు పుచ్చినవి, 4 లక్షలకు మించవు. పాలిష్ కొట్టాక పదీ ఒకేలా మెరుస్తాయి. ఏది ఏదో మీకు తెలియదు. కాబట్టి మీరు సగటున 7 ఇస్తానంటారు. మంచి కారున్నవాడు ఏం చేస్తాడు? "నా బండి 10 విలువ, 7కి ఎందుకిస్తా, ఉంచుకుంటా లేదా మా బావమరిదికి ఇస్తా" అని మార్కెట్ నుంచి తప్పుకుంటాడు. మిగిలేవి ఎక్కువగా పుచ్చినవే. ఆ సంగతి మీకూ అర్థమవుతుంది, మీరు 5కి దిగుతారు. ఉన్న కొద్ది మంచివి కూడా వెళ్లిపోతాయి.

మన సంతల్లో రైతు ఎద్దును కొనేముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, వీలైతే బండికి కట్టి చూస్తాడు. అమ్మేవాడి మాట మీద కొనడు. వందల ఏళ్లుగా వాళ్లకి తెలిసినదాన్నే అకెర్లాఫ్ లెక్కలో పెట్టాడు. తేడా ఏంటంటే ఎద్దుకి పళ్లున్నాయి. లగ్జరీ కారుకి పళ్లు బయటికి కనపడవు.

ఇదే ఈ ఎపిసోడ్ అంతటికీ పాయింట్. యాభై లక్షల కారు ఎనిమిదికి దిగడంలో అరుగుదల కొంతే. పెద్ద వాటా, తెలియనితనానికి మార్కెట్ కోసే కోత. మారుతి ఆల్టోలో తెలియనిది ఏముంటుంది? ఏ సందులో మెకానిక్ అయినా విప్పి చూస్తాడు, చెడితే వేలల్లో పోతుంది. ఈ-క్లాస్‌లో, సెవెన్ సిరీస్‌లో, ఏ8లో అలా కాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఏముందో వినికిడితో తెలియదు. కొన్నిట్లో స్ప్రింగుల బదులు గాలి సంచులతో నడిచే ఎయిర్ సస్పెన్షన్. రాత్రి పార్క్ చేస్తే పొద్దునకి ఒక మూల కుంగి ఉంటే దాని పని అయిపోయినట్టు. డజన్ల కొద్దీ కంప్యూటర్ మాడ్యూల్స్. వీటిలో ఒక్కటి పోయినా బిల్లు లక్షల్లోకి వెళ్లొచ్చు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: కారు రేటు 8 లక్షలకు తగ్గింది, దాని స్పేర్ పార్ట్స్ రేటు తగ్గలేదు. బంపర్, హెడ్‌లైట్, షాక్ అబ్జార్బర్ ఇప్పటికీ యాభై లక్షల కారువే.

మన దేశంలో ఈ కథ 1994-95లో మొదలవుతుంది. మెర్సిడెస్, టెల్కోతో, అంటే ఇప్పటి టాటా మోటార్స్‌తో కలిసి కంపెనీ పెట్టి 1995లో పుణెలో డబ్ల్యూ124 ఈ-క్లాస్ తయారీ మొదలుపెట్టింది. అద్భుతమైన బండి, గట్టిదనానికి ఇప్పటికీ దాని పేరే చెప్తారు. కానీ అదే 1995లో యూరప్‌లో దాని తర్వాతి తరం, గుండ్రటి నాలుగు హెడ్‌లైట్ల డబ్ల్యూ210 విడుదలైంది. అంటే మన దగ్గర కొత్తగా పుట్టిన కారు అక్కడ అప్పటికే రిటైర్ అవుతోంది. స్లోన్ ఆట గుర్తుందా? లగ్జరీలో ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అరకోటి పెట్టేవాడు కొనేది కారొక్కటే కాదు, "లేటెస్ట్" అనే మాట కూడా. కొత్త మొహం రోడ్డెక్కిన రోజే పాత మొహం రేటు పడుతుంది. 2007లో బీఎండబ్ల్యూ చెన్నైలో ఫ్యాక్టరీ తెరిచాక, అదే ఏడాది ఆడి ఇండియా కూడా మొదలయ్యాక పోటీ పెరిగింది. ఇలాంటి బళ్లు చాలావరకు వ్యాపారం పేరు మీద కొంటారు, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఏటా 15 శాతం తరుగు చూపిస్తారు, నాలుగైదేళ్లకి మార్చేస్తారు. అమ్మేవాళ్లు చాలామంది, కొనే ధైర్యం ఉన్నవాళ్లు కొద్దిమంది.

ఇక ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఒక పట్టిక ఉంది. ఐడీవీ అంటారు, అంటే కారు దొంగతనం అయినా, పూర్తిగా నుజ్జయినా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. కొత్త కారు లిస్ట్ రేటులో మొదటి ఆరు నెలల లోపు 5 శాతం కోత, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, తర్వాత మూడు, నాలుగు, ఐదేళ్ల లోపు వరుసగా 30, 40, 50. యాభై లక్షల కారు నాలుగేళ్లు దాటి ఐదో ఏట ఉంటే పట్టిక ప్రకారం 25 లక్షలు. ఐదేళ్లు దాటితే? పట్టిక నోరు మూసుకుంటుంది. కంపెనీ, ఓనర్ మాట్లాడుకుని తేల్చుకోవాలి. పైగా ఈ పట్టికకి ఆల్టో, ఈ-క్లాస్ రెండూ ఒకటే. కాబట్టి పాలసీ కాగితం చూపించి "ఐడీవీ 14 లక్షలుంది సార్, నేను 9కే ఇస్తున్నా" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. అది ప్రీమియం కట్టడానికి రాసుకున్న అంకె.

ఇప్పుడు ఢిల్లీ కథ. మన హైదరాబాద్ మార్కెట్‌కి దీనితో నేరుగా సంబంధం ఉంది. 2015 ఏప్రిల్‌లో నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్, ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదంది. పెట్రోల్‌కి పదిహేనేళ్లు. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అంతే, మంచి కండిషన్‌లో ఉన్న తొమ్మిదేళ్ల డీజిల్ సెడాన్‌కి ఒక్కసారిగా ఎక్స్‌పైరీ డేట్ వచ్చేసింది. 2025 జూలై 1 నుంచి అలాంటి బళ్లకి బంకుల్లో ఇంధనం కూడా పోయొద్దన్నారు. గొడవ అయ్యాక కొన్ని రోజులకే ఆపారు, ఆగస్టులో సుప్రీంకోర్టు ఓనర్ల మీద బలవంతపు చర్యలు వద్దంది. ఆ వారాల్లోనే ఒక వార్త దేశమంతా తిరిగింది: 84 లక్షలకు కొన్న మెర్సిడెస్ ఎస్‌యూవీని ఒకాయన రెండున్నర లక్షలకు అమ్ముకున్నాడని. బండిలో ఏ లోపమూ లేదట. ఇక్కడ తెలియనితనం ఇంజిన్ గురించి కాదు, రేపు రూల్ ఏమవుతుందో అన్నదాని గురించి. కోత మాత్రం అదే కోత.

ఆ బళ్లలో చాలా భాగం ఎన్ఓసీ తీసుకుని వేరే రాష్ట్రాలకి వస్తాయి. మన దగ్గరికి కూడా. "ఢిల్లీ బండి, చాలా చీప్" అని రీల్స్ చూసే ఉంటారు. చీపే, కానీ దాని వెనక ఒక బిల్లుంది. ఏడాది దాటి ఇక్కడ తిప్పాలంటే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ మీరు కొన్న 8 లక్షల మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ఖరీదు మీద, వయసును బట్టి తగ్గించిన శాతంతో లెక్కేస్తారు. అసలు ఖరీదు యాభై లక్షలైతే ఒక్కో శాతం యాభై వేలు. బేరం మొదలుపెట్టక ముందే ఆర్టీఏ ఆఫీసులో ఆ అంకె కనుక్కోండి. బ్రోకర్ చెప్పిన అంకె వద్దు.

సరే, మన వరంగల్ తమ్ముడి 9 లక్షలు. లెక్క వేద్దాం. ఇవి ఉదాహరణ అంకెలు, మీ బండికి మీరు కనుక్కోవాలి. ముందుగా అదే ఏడాది, అదే ఇంజిన్, దగ్గర దగ్గర కిలోమీటర్లు ఉన్నవి నాలుగైదు సిటీల్లో చూడాలి. అన్నిటికంటే ఎక్కువ రేటు, అన్నిటికంటే తక్కువ రేటు పక్కన పెట్టేసి మధ్యలోవి తీసుకోవాలి. అది తొమ్మిదిన్నర వచ్చిందనుకుందాం. అవి అడిగే రేట్లు, తెగే రేట్లు కాదు కాబట్టి ఒక అరలక్ష తీసేద్దాం. 9. టైర్లు నాలుగూ మార్చాలి, 80 వేలు. ముందు సస్పెన్షన్‌లో చప్పుడుంది, లక్షా ఇరవై. ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్ కలిపి 30 వేలు. 6 లక్షల 70 వేలకు వచ్చాం. ఇప్పుడు ఆ తెలియనితనం. సర్వీస్ రికార్డులు లేవన్నారు. మీటర్ మాత్రం 48 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, పదకొండేళ్లకి. స్టీరింగ్ తోలు అరిగి నున్నగా ఉందా, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిందా, డ్రైవర్ సీటు అంచు చితికిందా చూడమన్నాను. మూడూ ఉన్నాయన్నాడు. మీటర్ వెనక్కి తిప్పడం పాత విద్యే, అమెరికా దాని మీద 1972లోనే ఫెడరల్ చట్టం చేసింది. అలాంటప్పుడు గేర్‌బాక్స్ కోసం కనీసం ఒక లక్ష పక్కన పెట్టాలి. 5 లక్షల 70 వేలు.

అదే బండికి ఛాసిస్ నంబర్‌తో కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి మొత్తం హిస్టరీ తీయించి, మొదటి రోజు నుంచి ప్రతి బిల్లూ ఫైల్ చేసి ఉంటే ఆ లక్ష కోత ఉండదు, మీటర్ మీద అనుమానమూ ఉండదు. అంటే ఆ కాగితాల ఫైలు విలువ లక్ష. కారు అమ్మబోయే అన్నలు కూడా వింటున్నారు కదా, పాలిష్‌కి పెట్టే డబ్బు కంటే ఆ ఫైలు మీకు ఎక్కువ తెచ్చిపెడుతుంది. తమ్ముడికి నేను చెప్పింది: 5.70కి మించి వద్దు, అది కూడా చేతిలో ఇంకో రెండు లక్షలు రిపేర్లకి ఉంటేనే. పర్సనల్ లోన్ పెట్టి మాత్రం అసలు వద్దు.

పోతే, 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్ తీసేసి జీఎస్టీ 40 శాతం చేశారు. అంతకుముందు సెస్‌తో కలిపి దాదాపు యాభై. కొత్త కారు రేటు దిగితే పాతదాని రేటు కూడా దిగాలి. అంతకుముందు చూసిన పాత స్క్రీన్‌షాట్లు పెట్టుకుని బేరం ఆడకండి.

చివరగా, ఈ కోత ఎక్కడో ఒకచోట ఆగి తిరగబడుతుంది. హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా 1984లో వచ్చింది, మన దేశపు సొంత లగ్జరీ సెడాన్. సినిమాల్లో విలన్ దిగితే అందులోంచే దిగాలి. 2002లో తయారీ ఆగింది. పెట్రోల్ తాగే తీరుకి ఎవరూ అడగక చాలావరకు స్క్రాప్‌కి పోయాయి. ఇప్పుడు శుభ్రంగా ఉన్నవి చాలా తక్కువ, వాటికోసం ఎగబడేవాళ్లు ఉన్నారు. కానీ ఆ మధ్యలో ఇరవై ఏళ్లు దాన్ని బతికించినవాడి ఖర్చు ఎవరూ లెక్కెయ్యరు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2022 నుంచి 5,000, ఇరవై దాటితే 2025 నుంచి 10,000 రూపాయలు. ఇది ఫీజు మాత్రమే, ఫిట్‌నెస్ పాస్ చేయించే పని వేరు.

ఇంకా పైన చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చారు, బండి వచ్చేలోపే, 1911లో కన్నుమూశారు. లోపల సింహాసనం లాంటి సీటు. ఊరేగింపులకే తప్ప పెద్దగా తిరగలేదు. టికెట్ తీసుకుని వెళ్లి చూడండి, దాని రేటు ఏ బ్లూ బుక్‌లోనూ దొరకదు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ కారు కథే చెప్పుకుందాం.